ఎండీవర్ మే 16న ఎగురుతుందంటారా? నాన్న తిరుగు టికెట్ 19న ఉంది

లైన్‌మన్‌గారబ్బాయి
2011 మే 10

అందరికీ నమస్కారం. నాసా స్పేస్ షటిల్ ఎండీవర్ ఆఖరి ప్రయాణం (ఎస్‌టీఎస్-134) మే 16 సోమవారం ఉదయం 8:56కి అంటున్నారు కదా. ఈసారి నమ్మి బయల్దేరొచ్చా? డొంకతిరుగుడు లేకుండా చెప్పండి.

నేనుండేది అట్లాంటాలో. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, 19న తిరుగు ప్రయాణం. దీని తర్వాత ఎగిరే ఆఖరి షటిల్ అట్లాంటిస్ జూన్ ఆఖరున అంటున్నారు, అది జులైలోకి జారినా జారుతుంది. కాబట్టి ఆయన చూస్తే గీస్తే ఇదొక్కటే చూడాలి. ఆ తర్వాత ఎన్నిసార్లు వీసా తెచ్చుకున్నా షటిల్‌ని మ్యూజియంలో చూడ్డమే. ఎండీవర్‌ని లాస్ ఏంజెలెస్‌కి ఇస్తున్నట్టు ఏప్రిల్ 12న చెప్పేశారు కూడా.

ఏప్రిల్ 29న వెళ్లాం. మధ్యాహ్నం 3:47కి ప్రయోగమంటే పొద్దున్నే ఫ్లోరిడాలో ప్రయోగ కేంద్రానికి ఎదురుగా ఉండే టైటస్‌విల్‌లో నది ఒడ్డున చోటు పట్టుకున్నాం. వ్యోమగాముల్ని తీసుకెళ్తున్న ఆస్ట్రోవ్యాన్ ప్యాడ్ (ప్రయోగ వేదిక) దాకా వెళ్లకుండానే దారిలో ఆగి వెనక్కి తిరిగిందని పక్కాయన రేడియోలో విని చెప్పాడు. ఇంకా మూడున్నర గంటలుందనగా వాయిదా. ఒబామా కూడా కుటుంబంతో అక్కడికే వస్తున్నారు ఆ రోజు. ఆయనకీ మాకూ ఒకటే దర్శనం.

నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఏదో స్విచ్ బాక్సులో తేడా వచ్చి హీటర్లు పనిచెయ్యలేదట అని చదివి చెప్తే, "ఫ్యూజు పోతే ఫ్యూజు మార్చుకోవాలి గానీ మొత్తం ఆపేస్తార్రా?" అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ బాక్సు గురించే అడుగుతున్నారు. అందులో ఏముంటుంది, దేనికి సప్లై ఇస్తుంది అని. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు, నాకేం తెలుసు?

అందుకని మీరు చెప్పండి. ఆ గొడవ నిజంగా తీరిందా? మొదట 72 గంటలన్నారు, తర్వాత మే 8 అన్నారు, ఇప్పుడు 16. ఆ రోజు కూడా ఆగితే మర్నాడే చేస్తారా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు, ఎక్కడ నిలబడితే మంచిది? ఇంకోటి, మేనేజర్‌ని సెలవు అడగాలి. "ఒక రోజు, కుదరకపోతే రెండు, ఎగరకపోతే అసలొద్దు" అని మెయిల్ ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి.


సోఫా_వ్యోమగామి
2011 మే 10

ఎందుకండీ ఈ తిప్పలు. పోను ఏడు గంటలు, రాను ఏడు గంటలు. గ్యాస్ గ్యాలన్ నాలుగు డాలర్ల దగ్గర ఉంది. ప్రయోగం రోజున మోటెళ్లలో రేట్లు చూశారా? నాసా టీవీ పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే ట్యాంకుకి బిగించిన కెమెరాలో బూస్టర్లు విడిపోవడం కూడా కనిపిస్తుంది. నది ఒడ్డున నిలబడితే మీకు కనిపించేది వేలెడంత మంట, అదీ రెండు నిమిషాలు.

ఇంకో షటిల్ డిస్కవరీ సంగతి మర్చిపోయారా? నవంబర్ 1 అన్నది ఫిబ్రవరి 24న ఎగిరింది. ముందు గ్యాస్ లీకు, తర్వాత కరెంటు తేడా, తర్వాత వాన, తర్వాత హైడ్రోజన్ లీకు, ఆఖర్న ట్యాంకుకే పగుళ్లు. నా ఫ్రెండొకడు నవంబర్‌లో వెళ్లి సెలవులన్నీ ఖర్చు పెట్టుకుని వచ్చాడు. వాణ్ని చూశాకే నేను సోఫా దిగకూడదని ఒట్టేసుకున్నా.


ఏపీయూ_పిచ్చోడు
2011 మే 11

సోఫా గారి మాట పక్కన పెట్టండి, ఆయన ప్రతి ప్రయోగానికీ ఇదే అంటారు.

మీ నాన్నగారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న, అక్కణ్నుంచే మొదలుపెడతాను. షటిల్ తోక భాగంలో ఏపీయూలని మూడు యంత్రాలుంటాయి. వాటి ఇంధనం హైడ్రజీన్. అది కెటలిస్టు తగలగానే వేడి గ్యాసుగా విడిపోయి చిన్న టర్బైన్‌ని నిమిషానికి 70 వేల చుట్లకు పైగా తిప్పుతుంది. దాంతో హైడ్రాలిక్ పంపులు నడుస్తాయి. పైకి వెళ్లేటప్పుడు ఇంజిన్లను అటూ ఇటూ తిప్పాలన్నా, కిందికి దిగేటప్పుడు రెక్కల ఫ్లాపులు, చక్రాలు, బ్రేకులు పనిచెయ్యాలన్నా ఆ హైడ్రాలిక్సే దిక్కు. కౌంట్‌డౌన్‌లో సరిగ్గా 5 నిమిషాలున్నప్పుడు వాటిని స్టార్ట్ చేస్తారు. మూడూ బాగుంటేనే ఎగరాలి, రెండున్నాయిలే అని సరిపెట్టుకోరు.

ఫ్లోరిడా ఎండలో హీటర్లెందుకు అని అడుగుతారు చాలామంది. ఎండలో అక్కర్లేదు, కక్ష్యలో కావాలి. ఈ ప్రయాణం రెండు వారాల పైన. అన్నాళ్లూ ఏపీయూలు ఆగి ఉంటాయి. హైడ్రజీన్ దాదాపు నీళ్లు గడ్డకట్టే వేడి దగ్గరే, 2 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది. పైపులో గడ్డకట్టి మళ్లీ కరిగితే పైపు చిట్లొచ్చు. చిట్లి కారితే అంటుకుంటుంది. ఇది ఊహ కాదు. 1983 డిసెంబర్‌లో కొలంబియా దిగేటప్పుడు (ఎస్‌టీఎస్-9, కమాండర్ జాన్ యంగ్) హైడ్రజీన్ కారి, మూడింట్లో రెండు ఏపీయూలు అంటుకున్నాయి. అది పైపు గడ్డకట్టడం వల్ల కాదు, లోపలి భాగం పగలడం వల్ల. కానీ హైడ్రజీన్ కారితే ఏమవుతుందో అందరికీ అర్థమైంది. తోకలో మంటలున్నాయని దిగేదాకా లోపలివాళ్లకి తెలియనే తెలియదు.

అందుకే ఒక్కో పైపుకి రెండు వరసల హీటర్లుంటాయి. 29న ఒకటో నంబరు ఏపీయూ పైపు దగ్గర హీటర్లు స్పందించలేదు. వెతుక్కుంటూ వెళ్తే తోక భాగంలో ఉన్న ఏఎల్‌సీఏ-2 అనే పంపిణీ పెట్టె దాకా వచ్చింది కథ. ఫ్యూజులు, స్విచ్‌లు, రిలేల లాంటి పని చేసే సర్క్యూట్లున్న పెట్టె అది. మీ నాన్నగారికి బొమ్మ గీయకుండానే అర్థమవుతుంది.

మరి పెట్టె మార్చడానికి ఇన్ని రోజులా? మొదట ట్యాంకులోంచి దాదాపు 19 లక్షల లీటర్ల హైడ్రోజన్, ఆక్సిజన్ ఖాళీ చెయ్యాలి. అదయ్యాక గానీ తోక గది తలుపు తెరవకూడదు. పెట్టె విప్పి కొత్తది బిగించడం పెద్ద పని కాదు. కానీ అదొక్క హీటరుకే కాదు, ఇంకా చాలా వ్యవస్థలకి సప్లై ఇస్తుంది. కొత్తది బిగించాక వాటన్నిటినీ మళ్లీ మొదట్నుంచి టెస్ట్ చెయ్యాలి. మీరు టెస్టింగులోనే ఉన్నారు కదా, ఒక చోట మారిస్తే ఎన్ని చోట్ల చూడాలో నేను చెప్పనక్కర్లేదు. మధ్యలో ఆ పక్క ప్యాడ్ నుంచి అట్లాస్ ప్రయోగం ఒకటి ఉండి, మే 7న ఎగిరింది. ఒకే రేంజ్ (ప్రయోగాల్ని కనిపెడుతూ భద్రత చూసే వ్యవస్థ) ఇద్దరికీ ఇవ్వరు.

ఉన్నమాట చెప్పాలి: మూలకారణం తేలలేదని నాసా వాళ్లే ఒప్పుకున్నారు. అనుమానం ఉన్న పెట్టె మార్చారు, పెట్టెకీ హీటర్లకీ మధ్య పాత వైరు వదిలేసి కొత్త వైరు లాగారు. నా లెక్క ప్రకారం హీటర్ల వల్ల 16న ఆగదు. ఆగితే వేరే దేనివల్లో ఆగుతుంది.


లైన్‌మన్‌గారబ్బాయి
2011 మే 11

ఏపీయూ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించా. మధ్యలో ఆపించి "పాత వైరు తీసేశారా, పక్కన వదిలేసి కొత్తది లాగారా?" అని అడిగి మళ్లీ చదివించుకున్నారు. మొత్తం విన్నాక ఆయన అన్నది ఇదీ: "ఎల్‌సీ తీసుకోకుండా పోల్ ఎక్కినవాడు మళ్లీ దిగడు. వీళ్లు ఎల్‌సీ తీసుకుంటున్నారు, అంతే. చెయ్యనీ." తెలియనివాళ్లకి: ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ వాళ్లు కరెంటు ఆపామని రాసిస్తే గానీ తీగ ముట్టుకోరు. దాంతో ఫ్యూజు మార్చుకోవాలన్న వాదన వెనక్కి తీసేసుకున్నారు.

సోఫా గారికి కూడా ఒక జవాబు చెప్పమన్నారు. షటిల్ ఆలస్యం కావడం ఆయనకి కొత్త కాదట. 1979లో నాసా పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోతుందని మా ఊళ్లో జనం రేపు ఉంటామో లేదోనని కోళ్లూ మేకలూ కోసుకు తినేశారు. మా నాయనమ్మ గుడ్లు పెట్టే పెట్టల్ని కూడా వదల్లేదట. స్కైలాబ్‌ని పైకి నెట్టడానికి వెళ్లాల్సింది షటిలే కదా! అది తయారయ్యేసరికి 1981 ఏప్రిల్ అయింది, ఈలోగా 79 జులైలో స్కైలాబ్ రాలిపోయింది. "అప్పుడు టైముకి వచ్చుంటే మా కోళ్లు బతికేవి. ముప్పై ఏళ్ల బాకీ, టీవీలో చూస్తే తీరదు" అంటున్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరుంటే రాయండి.


కక్ష్యలెక్కలు
2011 మే 11

మీరు అడిగిన "మర్నాడే చేస్తారా" గురించి. ఏ కారణంతో ఆగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మబ్బులు, గాలి అయితే 24 గంటల్లో మళ్లీ ప్రయత్నిస్తారు. లీకు లాంటిదైతే మర్చిపోండి.

మర్నాడైతే టైము మాత్రం 8:56 ఉండదు, 8:32 ప్రాంతానికి వస్తుంది. అంతరిక్ష కేంద్రం తిరిగే తలం కిందికి ప్యాడ్ వచ్చిన క్షణంలోనే ఎగరాలి. భూమి మధ్యలో కాస్త ఉబ్బి ఉండడం వల్ల ఆ తలం రోజుకి 5 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతుంది, అంటే 20 నిమిషాలు. నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కన్నా 4 నిమిషాలు తక్కువ పడుతుంది కాబట్టి ఆ 4 కూడా కలపండి. మొత్తం 24. నమ్మకం లేకపోతే మీ దగ్గరున్న రెండు టైములే చూడండి: ఏప్రిల్ 29న 3:47, మే 16న 8:56. తేడా 411 నిమిషాలు, 17 రోజులు. భాగించుకోండి.

విండో, అంటే ఎగరడానికి వీలున్న సమయం, పది నిమిషాలే, అందులో మధ్య క్షణానికి గురిపెడతారు. ఫిబ్రవరిలో డిస్కవరీకి రేంజ్ వాళ్ల కంప్యూటర్ ఒకటి మొరాయించి, 5 నిమిషాల దగ్గర గడియారం ఆపేసి, విండో ముగియడానికి రెండు మూడు సెకన్లుందనగా వదిలారు. ఆ రోజు నా గోళ్లు ఒక్కటీ మిగల్లేదు.

ఇంకో చిత్రం. ఫ్లోరిడాలో ఆకాశం అద్దంలా ఉన్నా ప్రయోగం ఆగొచ్చు. పైకి వెళ్తుండగా ఇంజిన్ పోతే సముద్రం దాటి దిగడానికి స్పెయిన్‌లో జరగోజా, మొరోన్, ఫ్రాన్స్‌లో ఇస్త్ర్ ఉంటాయి. వాటిలో ఒక్కచోటైనా వాతావరణం బాగుండాలి. అందుకని ఆ రోజు స్పెయిన్ వాతావరణం కూడా చూస్తూ ఉండండి.


ఇండియన్_రివర్_గట్టు
2011 మే 12

నేనుండేది టైటస్‌విల్‌లోనే, ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. చోటు సంగతి నన్నడగండి.

స్పేస్ వ్యూ పార్క్ పేరు అందరికీ తెలుసు, అందుకే అక్కడికి వెళ్లొద్దు. పెద్దాయనకి నిలబడ్డానికి కూడా చోటు దొరకదు. యూఎస్-1 రోడ్డు నది పొడవునా వెళ్తుంది. దానిమీద దక్షిణంగా వస్తే కారు ఆపుకున్న చోటే కుర్చీ వేసుకుని చూసే జాగాలు ఉంటాయి. నడక తప్పుతుంది. నది మీది కాజ్‌వే రోడ్డుకి టికెట్లు ఉంటే సగం దూరంలోంచి చూడొచ్చు గానీ అవి ఎప్పుడో అయిపోయాయి, బయట అమ్మేవాళ్ల దగ్గర కొని మోసపోకండి. ప్యాడ్‌కి ఇక్కణ్నుంచి సుమారు 12 మైళ్లు. నదికి అవతల పెద్ద పెట్టెలా కనిపించేది వీఏబీ, షటిల్‌ని నిలబెట్టి ట్యాంకుకి బిగించే భవనం. ప్యాడ్ దానికి ఎడమ పక్కన. కొత్తవాళ్లు వీఏబీనే చూస్తూ కూర్చుని మొదటి ఐదు సెకన్లు పోగొట్టుకుంటారు.

ఆదివారం అర్ధరాత్రికల్లా వచ్చి ఆపుకోండి. తెల్లవారుజామున మూడుకి వస్తే ఐ-95 మీదే చూడాల్సి వస్తుంది. రాత్రి వస్తే ఇంకో లాభం, ప్యాడ్ మీద సెర్చ్‌లైట్లు వేసి ఉంచుతారు, అదే ఒక చూపు. దోమల మందు, టోపీ మర్చిపోవద్దు. మనం చూసేది తూర్పుకి, ఆ టైముకి సూర్యుడు సరిగ్గా ప్యాడ్ పైన ఉంటాడు. నల్లద్దాలుంటే పెద్దాయనకివ్వండి.

గడియారం 9 నిమిషాల దగ్గర ముప్పావు గంట దాకా ఆగుతుంది. అది ముందే అనుకున్న విరామం, వాయిదా అనుకుని కుర్చీలు మడిచేయకండి. ప్రతిసారీ ఎవరో ఒకరు మడుస్తారు.

చప్పుడు దాదాపు నిమిషం ఆలస్యంగా వస్తుంది. చాలామంది ఇదేంటి, మూగగా వెళ్తోంది అని నిరుత్సాహపడతారు. పడొద్దు.

వాయిదాల విషయంలో ఈ ఊరి వాళ్లకి ఓపిక పుట్టుకతో వస్తుంది. 1995లో డిస్కవరీ ప్రయోగం ఎందుకాగిందో తెలుసా? వడ్రంగిపిట్టలు. ట్యాంకు మీది నురుగు పూతని చెట్టు బెరడనుకుని రెండొందల దాకా బొక్కలు పెట్టాయి. మొత్తం వాహనాన్ని వీఏబీకి వెనక్కి తెచ్చి పూడ్చుకుని, జూన్‌లో ఎగరాల్సింది జులైలో ఎగిరింది. ఆ తర్వాత ప్యాడ్ దగ్గర ప్లాస్టిక్ గుడ్లగూబల్ని దిష్టిబొమ్మల్లా పెట్టారు. చంద్రుడి మీద కాలుపెట్టిన సంస్థ! ఇప్పటి నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్ కూడా 1986 జనవరిలో కొలంబియాకి పైలట్‌గా ఏడో ప్రయత్నంలో గానీ ఎగరలేదు. కల్పనా చావ్లా ఆఖరి ప్రయాణం 2001 జనవరికి అనుకున్నది, 2003 జనవరికి అయింది.

వాయిదా వేస్తే నేను విసుక్కోను. విసుక్కోకూడదని 1986లో పేలిపోయిన షటిల్ చాలెంజర్ చెప్పింది మాకు. ఆ ఉదయం చలికి బూస్టర్ రబ్బరు రింగులు బిగుసుకుపోతాయని తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు ముందు రాత్రి మొత్తుకున్నారు. విన్నవాళ్లు లేరు.

మేనేజర్ సంగతంటారా, "షటిల్" అని మాత్రం రాయండి. అమెరికావాళ్లు కదా, ఈ నెల కాదనరు.


ఏపీయూ_పిచ్చోడు
2011 మే 12

అక్కా, గుడ్లగూబల కథ నేను రాద్దామనుకున్నా, మీరు కొట్టేశారు. ఒక్కటి కలుపుతా: ఈ ఆలస్యం ఏప్రిల్‌లో మొదలైంది కాదు. ఎండీవర్ మోసుకెళ్తున్న ఏఎంఎస్, భౌతిక శాస్త్రవేత్త శామ్యూల్ టింగ్ బృందం చేసిన దాదాపు ఏడు టన్నుల కణ పరిశోధన యంత్రం, కొలంబియా ప్రమాదం తర్వాత అసలు జాబితాలోంచే పోయింది. అమెరికన్ కాంగ్రెస్ పట్టుబట్టి దానికోసం ఒక ప్రయాణం కలిపించింది. తీరా 2010 జులైలో ఎగరాలనుకుంటే, అతిశీతల అయస్కాంతం వద్దు, మామూలు శాశ్వత అయస్కాంతం పెడితే ఎక్కువ ఏళ్లు పనిచేస్తుందని ఆఖర్లో మార్చుకున్నారు. అందుకని ఇంకొక వారం ఆగినా ఆ యంత్రానికి లెక్కలేదు. మీ టికెట్‌కే లెక్క.


లైన్‌మన్‌గారబ్బాయి
2011 మే 15, రాత్రి

యూఎస్-1 పక్కన కారులోంచి ఫోన్‌లో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మేనేజర్ "షటిల్" అన్న మాట చూసి వెంటనే ఓకే చెప్పాడు, అక్కా మీకు దండం. సాయంత్రం వచ్చాం. ప్యాడ్ చుట్టూ ఉండే తిరిగే గోపురాన్ని ఇప్పటికే పక్కకి జరిపేశారు. పక్క కారువాళ్ల బైనాక్యులర్స్‌లో నారింజ రంగు ట్యాంకు కనిపించింది. నాన్న చాలాసేపు తిరిగి ఇవ్వలేదు, వాళ్లు ఏమనుకున్నారో ఏమో. "ఆ పిడుగు కడ్డీ ఎంత ఎత్తుంటుందిరా" అన్నారు బైనాక్యులర్స్ దించకుండానే. మొత్తం అమెరికాలో ఆయనకి నచ్చింది అదొక్కటే అనుకుంటా.

అర్ధరాత్రి లోపు ట్యాంకు నింపడం మొదలవుతుందట. వాతావరణం 70 శాతం అనుకూలం అంటున్నారు. మబ్బులు కిందికి దిగుతాయేమోనని టెన్షన్.


లైన్‌మన్‌గారబ్బాయి
2011 మే 16

ఎగిరింది! 8:56కి, చెప్పిన టైముకి చెప్పినట్టు.

ఇంకా టైటస్‌విల్‌లోనే ఉన్నాం, ట్రాఫిక్ కదలడం లేదు, కాబట్టి తీరిగ్గా రాస్తా.

తెల్లారేసరికి మబ్బులు దట్టంగానే ఉన్నాయి. 9 నిమిషాల దగ్గర గడియారం ఆగితే మా ముందు కుటుంబం నిజంగానే కుర్చీలు మడవబోయింది, నాన్న చేత్తో సైగ చేసి కూర్చోబెట్టారు. భాష అక్కర్లేకపోయింది. 5 నిమిషాల దగ్గర పక్కవాళ్ల రేడియోలో ఏపీయూలు స్టార్ట్ అన్నారు. "మూడూనా?" అన్నారు. మూడూ అన్నాను. తలూపారు.

మొదట ప్యాడ్ దగ్గర తెల్లగా ఆవిరి లేచింది, చప్పుడు లేదు. "ఏమైంది, పేలిందా?" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఇంతలో మంట పైకొచ్చింది. సోఫా గారూ, వేలెడంతే, ఒప్పుకుంటా. కానీ ఆ రంగు టీవీలో రాదు, వెల్డింగు మంటని నేరుగా చూస్తే కళ్లు ఎలా జిగేలుమంటాయో అలా ఉంది. పాతిక సెకన్లు కూడా కాలేదు, మబ్బులోకి దూరిపోయింది. ఒక్క క్షణం మబ్బు లోపలి నుంచి వెలిగింది. అంతే, పైన బూడిదరంగు ఆకాశం, కింద పొగ స్తంభం. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఆగిపోయారు.

నాన్న మాత్రం పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. పిడుగు పడితే ఎంత దూరంలో పడిందో చెప్పడానికి ఆయన ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటది. యాభై ఐదు అనేసరికి వచ్చింది చప్పుడు. చూడ్డానికి ఏమీ లేనప్పుడు! ముందు సన్నగా గుర్రుమంటూ, తర్వాత పటపటమని పగులుతూ, ఛాతీలోకి. కారు అద్దం మీద వేళ్లు ఆనించి నన్నూ ఆనించమన్నారు. అద్దం అదురుతోంది. చప్పుడు తగ్గేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఎనిమిదిన్నర నిమిషాలకి ఇంజిన్లు ఆగాయని రేడియోలో చెప్పేదాకా కారెక్కలేదు. కమాండర్ మార్క్ కెల్లీ బృందం ఆరుగురూ కక్ష్యలో ఉన్నారు. జనవరిలో తలకి బుల్లెట్ తగిలి ఇంకా కోలుకుంటున్న కెల్లీ భార్య గాబ్రియెల్ గిఫర్డ్స్ కూడా హ్యూస్టన్ నుంచి రెండోసారి వచ్చి చూశారట.

కోళ్ల బాకీ సంగతి అడిగా. వడ్డీ ఇంకా ఉందన్నారు.


సోఫా_వ్యోమగామి
2011 మే 16

అభినందనలు. నేను టీవీలోనే చూశా. ట్యాంకు కెమెరాలో మబ్బు కిందికి జారిపోవడం బ్రహ్మాండంగా కనిపించింది. ఇందాకే ఇంకో ఫోటో చూశా, న్యూయార్క్ నుంచి విమానంలో వస్తున్న ఒకావిడ కిటికీలోంచి ఫోన్‌తో తీసింది. మబ్బుల దుప్పటిని చీల్చుకుని షటిల్ పైకొస్తోంది. మీకు కింది సగం, ఆవిడకి పై సగం.

ఆ చప్పుడు మాత్రం నా స్పీకర్లలో రాలేదు. గట్టు అక్కా, అట్లాంటిస్‌కి మీ ఊళ్లో మోటెల్ గది ఏమైనా దొరుకుతుందా? మా ఫ్రెండు అడగమన్నాడు.


ఇండియన్_రివర్_గట్టు
2011 మే 16

మీ ఫ్రెండుకి చెప్పండి, ఈ ఊళ్లో గదులు ఎప్పుడో అయిపోయాయి. మా ఇంటి ముందు గడ్డి మీద ఒక కారుకి చోటుంది. దుప్పటి, దోమల మందు తనే తెచ్చుకోవాలి. తేదీ మారితే నన్నడగొద్దు.